నూరు డిగ్రీల కంప్యూటర్: షుఐబాలో నేర్చిన లెక్క



పోయిన మే నెలలో ఒక రాత్రి రాజంపేట దగ్గరి పల్లె నుంచి నాకు ఫోన్ వచ్చింది. చేసింది మా చిన్నాయన మనవడు. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. "పెదనాయనా, కంప్యూటర్ నూరు డిగ్రీలు చూపిస్తాండాది. నీళ్లు మరిగే వేడి గదా అది! కాలిపోతాదేమోనని భయమైతాంది. ఆపేసేదా?" అన్నాడు. గొంతులో వణుకు వినిపించింది. ఆ భయం ఎక్కడిదో నాకు తెలుసు. ఆ కంప్యూటర్ వాళ్ల నాన్న కువైట్‌లో దినారు దినారు కూడబెట్టి కొన్నది. ఆయన నాకు తమ్ముడి వరస. షుఐబాలో పైపింగ్ డ్రాయింగులు గీస్తాడు. ఏడాదిన్నర తన గదిలో వాడుకుని, కొడుకు చదువుకు పనికొస్తుందని కార్గోలో ఇంటికి పంపించాడు.

వాడికి నేను చెప్పిన మొదటి మాట, కాలిపోదు, భయపడొద్దు అని. రెండో మాట, నీ గది ఇప్పుడు ఎంత వేడిగా ఉందో చూసి చెప్పు అని. "గదితో ఏం పని పెదనాయనా? వేడి పుట్టేది పెట్టె లోపల గదా" అన్నాడు. ఇవాళ మీతో చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్నకు జవాబు.

నేనూ షుఐబాలో చాలా కాలం ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా పనిచేశాను. వేడిని కొలిచే పరికరాలు సరిచూడటమే నా వృత్తి. మన కడప, రాయచోటి, రాజంపేట వైపు కువైట్ పేరు తెలియని ఇల్లు ఉండదు. షుఐబా పేరు మాత్రం అక్కడ డ్యూటీ చేసినవాళ్లకే ఎక్కువ తెలుస్తుంది. కువైట్ నగరానికి దక్షిణంగా దాదాపు 50 కిలోమీటర్ల దూరాన సముద్రం ఒడ్డున ఉంటుంది. ఒక రేవు, వరసగా ఫ్యాక్టరీలు, కరెంటు తీస్తూ అదే చోట ఉప్పునీటిని మంచినీళ్లుగా మార్చే స్టేషన్లు. 1968లో మొదలైన షుఐబా రిఫైనరీ 2017లో మూతపడింది. పక్కనే ఉన్న మీనా అబ్దుల్లా, మీనా అల్ అహ్మదీ రిఫైనరీలు ఇంకా నడుస్తున్నాయి. అక్కడ పనిచేసే మనవాళ్లు చాలామంది మహబూలా, మంగాఫ్, ఫహాహీల్ గదుల్లో ఉండి తెల్లవారుజామున బస్సెక్కుతారు.

ఎండ సంగతి చెప్పాలంటే, ఆ దేశంలోనే మిత్రిబా అనే చోట 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ తరవాత ఆ కొలతను పరీక్షించి ఆమోదించింది. జూన్ మొదటి నుంచి ఆగస్టు చివరి దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడ నిషేధం ఉంది. అలాంటి చోట యంత్రం నడపడమంటే, దాంట్లోంచి వేడిని ఎలా బయటికి పంపాలన్నదే సగం పని.

రిఫైనరీలో హీట్ ఎక్స్‌ఛేంజర్లు ఉంటాయి. పెద్ద ఇనుప డొల్ల, దాని లోపల వందల కొద్దీ సన్నటి గొట్టాలు. గొట్టాల లోపల ఒకటి పారుతుంది, బయట ఇంకొకటి. వేడిగా ఉన్నది తన వేడిని చల్లగా ఉన్నదానికి ఇచ్చేసి పోతుంది. నేను చేరిన కొత్తలో ఒక రీడింగ్ రాసుకుని సూపర్‌వైజర్ దగ్గరికి పరుగెత్తాను, మరీ ఎక్కువ చూపిస్తోందని. ఆయన కాగితం వెనక్కి ఇచ్చేసి, "ఒక్క రీడింగ్‌తో నాకేం తెలుస్తుంది? చల్లబరిచే నీళ్లు ఎంతలో వస్తున్నాయో అది కూడా రాసుకుని రా" అన్నాడు. వెళ్లి చూస్తే వస్తున్న నీళ్లే వేడిగా ఉన్నాయి. వేసవిలో గల్ఫ్ సముద్రమే గోరువెచ్చగా ఉంటుంది కదా! ఎక్స్‌ఛేంజర్‌లో ఏ లోపమూ లేదు. రెండు అంకెల మధ్య తేడా ఎప్పుడూ ఉండేంతే ఉంది. ఆ తేడా పెరిగిననాడు గొట్టాలకు పాచి పట్టిందని అర్థం. అప్పుడు షట్‌డౌన్‌లో గొట్టాల కట్టను బయటికి లాగి నీటి జెట్‌తో కడుగుతారు.

డెస్క్‌టాప్ కంప్యూటర్లో ప్రాసెసర్ మీద కూర్చునే కూలర్ కూడా అచ్చంగా ఇలాంటి ఎక్స్‌ఛేంజరే. అక్కడ సముద్రపు నీళ్లు చేసే పని, ఇక్కడ మీ గదిలో గాలి చేస్తుంది.

ముందు ఒక మాట సరిచేసుకుందాం. మన ఊళ్లలో మొత్తం పెట్టెనే సీపీయూ అంటాం. నిజానికి సీపీయూ అంటే ఆ పెట్టెలో మదర్‌బోర్డు మీద ఉండే చిన్న ప్రాసెసర్. నేను ప్రాసెసర్ అన్నప్పుడల్లా ఆ చిన్న ముక్కే అనుకోండి, మొత్తాన్ని క్యాబినెట్ అంటాను.

ఈ ప్రాసెసర్ తాగిన కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. మోటారుకు ఇచ్చిన కరెంటులో ఎక్కువ భాగం చక్రం తిప్పడానికి పోతుంది. ప్రాసెసర్ ఏ చక్రమూ తిప్పదు. లోపల కోట్ల కొద్దీ మీటలు సెకనుకు కోట్ల సార్లు పడి లేస్తుంటాయి, పడిన ప్రతిసారీ కాస్త వేడి పుడుతుంది. పెద్ద ప్రాసెసర్ ఒకటి తీసుకుందాం. ఇంటెల్ 2022లో తెచ్చిన 13900కె భారీ పని మీద ఉన్నప్పుడు 253 వాట్ల దాకా తీసుకోవచ్చని ఆ సంస్థే రాసింది. ఆ వేడి పుట్టే సిలికాన్ ముక్క వైశాల్యం సుమారు రెండున్నర చదరపు సెంటీమీటర్లు, మన బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది. ఇంట్లో ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లది ఉంటుంది. దాని అడుగు రేకు నూటయాభై, రెండువందల చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే ఇస్త్రీపెట్టెలో ఒక్కో చదరపు సెంటీమీటరుకు ఐదారు వాట్లు, ప్రాసెసర్లో దాదాపు వంద వాట్లు. ఇస్త్రీపెట్టెలో వేడి చొక్కాలోకి పోతుంది. ఈ గోరంత ముక్కలో వేడి ఎక్కడికీ పోకపోతే ఏమవుతుందో మీరే ఊహించండి.

పోవడానికి దారి ఉంది, కానీ ఆ దారిలో గేట్లు చాలా ఉన్నాయి. సిలికాన్ ముక్క మీద ఒక లోహపు మూత. మూత మీద తెల్లగానో బూడిద రంగులోనో ఉండే పేస్ట్. పేస్ట్ మీద కూలర్ రాగి అడుగు. ఆ అడుగులోంచి పైకి లేచే రాగి గొట్టాలు. గొట్టాలకు గుచ్చిన అల్యూమినియం రేకులు. రేకుల మధ్య గాలి కొట్టే ఫ్యాన్. ఆ గాలి క్యాబినెట్‌లోంచి గదిలోకి, గదిలోంచి ఏసీ ద్వారా బయటికి. ఏ గేటు దగ్గర ఇరుకైనా, దాని వెనక ఉన్నదంతా వేడెక్కుతుంది. రాత్రి తొమ్మిదింటికి ఫహాహీల్ సూక్ (బజారు) దగ్గర కార్లు నిలిచిపోయినట్టన్నమాట.

ఈ గేట్లలో రెండిటి గురించి కాస్త ఆగి చెప్పాలి. ఒకటి ఆ రాగి గొట్టాలు. చాలామంది అవి గట్టి కడ్డీలనుకుంటారు. లోపల డొల్ల. గాలి తీసేసి, రెండు మూడు చుక్కల నీళ్లు పోసి మూసేసి ఉంటాయి. గాలి లేని చోట నీళ్లు తక్కువ వేడికే ఆవిరవుతాయి. ఆ ఆవిరి చల్లటి కొసకు పరుగెత్తి, అక్కడ వేడి వదిలేసి మళ్లీ నీరై, గొట్టం లోపలి గరుకు పొర వెంట వత్తిలో నూనె పాకినట్టు కిందికి పాకి వస్తుంది. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ అనే శాస్త్రవేత్త 1963లో దీన్ని తయారుచేసి చూపించాడు. ఫ్యాన్ గాని మోటారు గాని లేకుండా ఆ గొట్టం ఏళ్ల తరబడి పనిచేస్తుంది. మనిషి తయారుచేసిన వస్తువుల్లో నాకు బాగా ఇష్టమైనవాటిలో ఇదొకటి.

రెండోది పేస్ట్. లోహపు మూత, రాగి అడుగు కంటికి నున్నగా కనిపిస్తాయి. దగ్గరగా చూస్తే రెండింటి మీదా గుంటలూ గీతలూ ఉంటాయి. ఆ గుంటల్లో గాలి ఇరుక్కుంటుంది. గాలికంటే రాగి వేడిని దాదాపు 15 వేల రెట్లు బాగా మోస్తుంది. అందుకే ఆ గాలిని తరిమి, దాని స్థానంలో కూర్చోవడానికే పేస్ట్. అది గుంటలు నిండేంత ఉంటే చాలు. రొట్టెకు వెన్న పూసినట్టు మందంగా రాస్తే పేస్టే అడ్డుగోడ అవుతుంది. బఠాణీ గింజంత పెట్టి కూలర్‌ను సమంగా బిగిస్తే అదే పరుచుకుంటుంది. కొత్త కూలర్ అడుగున ఒక పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది, తీసేయమని దాని మీదే రాసి ఉంటుంది. అది తీయకుండా బిగించిన కంప్యూటర్లు నేను రెండు చూశాను.

ఇప్పుడు గది లెక్కకు వద్దాం. ఒక కూలర్ ప్రతి వాటుకు 0.3 డిగ్రీల తేడా పెడుతుందనుకోండి. మీరు చేసే పనికి ప్రాసెసర్ 150 వాట్లు తీసుకుంటోంది. 150ని 0.3తో గుణిస్తే 45. అంటే కూలర్‌కు అందే గాలికంటే ప్రాసెసర్ 45 డిగ్రీలు వేడిగా ఉంటుంది. గాలి 25లో ఉంటే ప్రాసెసర్ 70. గాలి 40లో ఉంటే 85. కూలర్ అదే, పని అదే, పేస్ట్ అదే. గది ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు ఒక డిగ్రీ పెరుగుతుంది. ఎంత ఖరీదైన ఫ్యాన్ కొన్నా, నీటితో చల్లబరిచే కూలర్ పెట్టినా, గది గాలి కంటే కిందికి ప్రాసెసర్‌ను అవి దింపలేవు. గల్ఫ్ నీళ్లకంటే చల్లగా మా ఎక్స్‌ఛేంజర్ చమురును చేయలేకపోయినట్టే.

ఇంకోటి. కూలర్‌కు అందేది క్యాబినెట్ లోపలి గాలి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే అది కూడా తన వేడిని అక్కడే వదులుతుంది. ముందు నుంచి చల్లగాలి రాకుండా, వెనక నుంచి వేడిగాలి పోకుండా క్యాబినెట్‌ను బల్ల కింద గోడకు ఆనించి పెడితే, గది 25లో ఉన్నా లోపల 40 ఉంటుంది. ఒక చిన్న పరీక్ష ఉంది. పని నడుస్తుండగా క్యాబినెట్ పక్క పలక తీసి పది నిమిషాలు ఆగండి. ప్రాసెసర్ ఐదారు డిగ్రీలకంటే ఎక్కువ దిగిందంటే మీ సమస్య గాలి రాకపోకలది. కూలర్ మార్చినా లాభం ఉండదు.

ఆ కంప్యూటర్ మహబూలాలో మా తమ్ముడి దగ్గర ఉన్నప్పుడు ఏసీ గది 24 డిగ్రీలు. బరువైన డ్రాయింగ్ నడిపినప్పుడు ప్రాసెసర్ 78 చూపించేదని ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నాడు, మంచి అలవాటు. తేడా 54. రాజంపేట పల్లెలో ఆ మే నెల రాత్రి, పిల్లవాడు వేడి కూడా చూపే గోడ గడియారం మీద చూసి చెప్పిన గది వేడి 37. పైన సీలింగ్ ఫ్యాన్ మాత్రమే. 37కు 54 కలిపితే 91 కావాలి. వాడికి కనిపిస్తున్నది 100.

ఆ అదనపు తొమ్మిది డిగ్రీలు ఎక్కడివి? నిజానికి అవి తొమ్మిది కూడా కావు, ఇంకా ఎక్కువే. ఎందుకంటే ఆ ప్రాసెసర్ తన వేడిని 100 దాటనివ్వదు. అది చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే పరీక్షల సంస్థ ఒక వీడియో విడుదల చేసింది. నడుస్తున్న ప్రాసెసర్ల మీద నుంచి కూలర్ ఊడబెరికారు. ఆ రోజుల ఏఎండీ అథ్లాన్ పొగలు కక్కి మాడిపోయింది. ఇంటెల్ పెంటియం 4 నెమ్మదించింది కానీ ఆగకుండా నడిచింది. తరవాత రెండు సంస్థల ప్రాసెసర్లకూ ఆ కాపుదల వచ్చేసింది. లోపలే వేడిని కొలిచే సెన్సర్లు ఉంటాయి. హద్దు దగ్గరికి రాగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. వేగం తగ్గితే వాట్లు తగ్గుతాయి, వాట్లు తగ్గితే వేడి తగ్గుతుంది. అయినా ఆగకపోతే కరెంటు తానే కట్ చేసుకుని పడుకుంటుంది. ఇటీవలి ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావాటికి ఆ హద్దు 100 డిగ్రీలు. ఏఎండీ 2022 సెప్టెంబరులో తెచ్చిన రైజెన్ 7000 వరసకు 95. పైగా ఆ వరసలో పెద్దవి భారీ పనిలో 95 దాకా వెళ్లి అక్కడే నిలబడి పనిచేసేలా తయారుచేశామని ఏఎండీయే చెప్పింది. ఆ ప్రాసెసర్ ఉన్నవాళ్లు 95 చూసి షాపు చుట్టూ తిరగనక్కరలేదు.

కాబట్టి మా వాడికి చెప్పాను, డిగ్రీల అంకె పక్కనే వేగం చెప్పే గిగాహెర్ట్జ్ అంకె కూడా చూడరా అని. చూస్తే, మహబూలాలో అదే పని మీద 4.4 దగ్గర నిలబడిన వేగం ఇక్కడ 3 కిందికి పడిపోతోంది. ప్రాసెసర్ 100 దగ్గర ఊపిరి బిగబట్టుకుని, తన వేగం కోసుకుంటూ నడుస్తోంది. అందువల్ల డిగ్రీలు పెరగకపోయినా రోగం పెరగొచ్చు. హద్దు తాకిన తరవాత థర్మామీటరు ఏమీ చెప్పదు, వేగమే చెబుతుంది. ఈ సంగతి తెలియక ఎంతోమంది 100 దగ్గరే ఉందిలే అని సరిపెట్టుకుని, కంప్యూటర్ ముసలిదైపోయిందని అమ్మేస్తున్నారు.

ఈ అంకెలు ఎక్కడ చూడాలంటే, విండోస్ టాస్క్ మేనేజర్లో ప్రాసెసర్ వేగం కనిపిస్తుంది, వేడి కనిపించదు. కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాములు రెండూ చూపిస్తాయి. పాత రైజెన్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. 2017 నాటి 1700ఎక్స్, 1800ఎక్స్ రకాలు ఫ్యాన్ వేగం కోసం అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పేవి. 95 చూపిస్తే అసలు 75 అన్నమాట. ఆ ప్రాసెసర్లు మన సెకండ్ హ్యాండ్ షాపుల్లో ఇప్పటికీ దొరుకుతున్నాయి.

ఇక రోగం ఏ గేటు దగ్గరుందో పట్టుకోవడం. దీనికి నేను వాడే పద్ధతి గడియారం. పని మొదలుపెట్టిన క్షణం నుంచి వేడి ఎంత సేపట్లో ఎక్కుతోందో చూస్తాను. సిలికాన్ ముక్క చిన్నది కాబట్టి పని తగలగానే సెకను లోపే ముప్ఫై నలభై డిగ్రీలు దూకడం మామూలే, దానికి బెదరొద్దు. ఆ తరవాత నెమ్మదిగా ఎక్కాలి. ఎందుకంటే అరకిలో పైబడిన కూలర్ లోహం వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. నీటి కూలరైతే పావుగంట దాకా పడుతుంది. మొదటి రెండు మూడు సెకన్లలోనే హద్దు తాకిందా, అయితే వేడి కూలర్ దాకా చేరడమే లేదు. పేస్ట్ ఎండిపోయిందో, కూలర్ వదులైందో, నీటి కూలర్ పంపు ఆగిందో, లేక ప్రాసెసర్‌కు మోయలేనంత వోల్టేజి అందుతోందో. మొదట బాగానే ఉండి పది, ఇరవై నిమిషాల్లో మెల్లగా ఎక్కి హద్దు తాకిందా, అప్పుడు దుమ్ము, ఫ్యాను, క్యాబినెట్ గాలి, గది. పరీక్షకు మీరు రోజూ చేసే పనినే పెట్టండి. ప్రైమ్95 వంటి పరీక్ష ప్రోగ్రాములు మామూలు పనులకంటే చాలా ఎక్కువ బరువు పెడతాయి. దాంట్లో వచ్చిన అంకె చూసి నిద్ర పాడుచేసుకోవద్దు.

మా వాణ్ణి గడియారం పట్టుకోమన్నాను. రెండే సెకన్లలో 100 తాకింది. దుమ్ము కాదని అప్పుడే తేలిపోయింది.

కువైట్‌లో ఉన్న శ్రోతలకు మాత్రం దుమ్ము గురించి చెప్పకుండా వదలలేను. అక్కడ దుమ్ము తుఫానును తోజ్ అంటారు. 2022 మే నెలలో వరసగా వచ్చిన తోజ్‌లకు విమానాశ్రయంలో రాకపోకలు కూడా ఆగిపోయాయి. ఆ దుమ్ము పిండిలా మెత్తగా ఉంటుంది. కిటికీలు మూసి తడిగుడ్డలు అడ్డం పెట్టినా దిండు కిందికి కూడా వచ్చేస్తుంది. షుఐబా సముద్రం ఒడ్డున ఉంది. ఆగస్టు, సెప్టెంబరులో గాలి తేమతో బరువెక్కుతుంది. ఏసీ బస్సు దిగగానే కళ్లద్దాలు మబ్బు పట్టడం అక్కడ పనిచేసినవాళ్లందరికీ తెలుసు. పిండి లాంటి దుమ్ముకు ఉప్పు తేమ తోడైతే కూలర్ రేకుల మధ్య అట్ట కడుతుంది. దులిపితే రాదు. తుఫాను తగ్గిన వారంలోనే, ఇంకా పొడిగా ఉన్నప్పుడే బ్లోయర్‌తో ఊదేయాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే గాలికి అది విపరీతంగా తిరిగి పాడవుతుంది. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ బోర్డు దగ్గరికి తేవద్దు, స్టాటిక్ కరెంటు ప్రమాదం ఉంది.

క్యాబినెట్‌లో లోపలికి గాలి లాగే ఫ్యాన్లు, బయటికి తోసేవాటికంటే కాస్త ఎక్కువ ఉండేలా చూసుకోండి. అప్పుడు లోపలి ఒత్తిడి ఎక్కువై, గాలి ముందున్న జాలీలోంచే వస్తుంది. సందుల్లోంచి దుమ్ము దూరదు. జాలీని పదిహేను రోజులకోసారి కడిగితే చాలు. రిఫైనరీ కంట్రోల్ రూమ్‌లో చేసేదీ ఇదే. బయటి గ్యాసు లోపలికి రాకుండా గదిలో ఒత్తిడి ఎక్కువ పెడతారు. అక్కడ ఇంకో శత్రువు కూడా ఉంది. గంధకం కలిసిన వాయువులు. ఇంట్లో వెండి పట్టీలు నల్లబడేది వాటివల్లే. అవే బోర్డుల మీది వెండి, రాగి గీతలను తినేస్తాయి. అందుకే కంట్రోల్ రూముల్లో రాగి, వెండి రేకులు నెల రోజులు వేలాడదీసి, వాటి మీద ఎంత మందం పొర కట్టిందో చూసి గాలికి జీ1 నుంచి జీఎక్స్ దాకా తరగతి ఇచ్చే ప్రమాణం ఒకటి ఉంది. ఇంట్లో అంత అవసరం లేదు, కానీ ఫ్యాక్టరీల పక్కన ఉండేవాళ్లు కంప్యూటర్ను కిటికీ పక్కన పెట్టకుండా ఉంటే మంచిది.

ఇక వోల్టేజి. ప్రాసెసర్ వేడి దాని వేగంతో సమంగా పెరుగుతుంది, వోల్టేజితో మాత్రం వర్గంగా పెరుగుతుంది. వేగం పదో వంతు తగ్గించి, దానితోపాటు వోల్టేజి కూడా పదో వంతు తగ్గించగలిగితే, వేడి నాలుగో వంతుకు పైగా తగ్గిపోతుంది. ఇది నిజంగా పెద్ద లాభం. 2004లో ఇంటెల్ దీన్ని కష్టపడి నేర్చుకుంది. ఆ ఏడాది మొదట్లో వచ్చిన ప్రెస్కాట్ రకం పెంటియం 4 విపరీతంగా వేడెక్కింది. 4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ తెస్తామని చెప్పి, అక్టోబరులో ఆ మాట వెనక్కి తీసుకుంది. ఒకే కోర్‌ను (ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే భాగాన్ని) ఉరికించడం మాని, రెండు, నాలుగు కోర్లకు పరిశ్రమ మళ్లింది అప్పుడే. ఇరవై ఏళ్ల తరవాత 2024లో 13, 14వ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని తడబడి ఆగిపోతున్న సంగతి బయటపడింది. అవసరానికి మించిన వోల్టేజి కారణమని ఆ సంస్థ చెప్పి, ఆగస్టులో సవరణ విడుదల చేసి, వారంటీ మరో రెండేళ్లు పొడిగించింది. ఆ తరం ప్రాసెసర్ ఉంటే, మదర్‌బోర్డు సంస్థ వెబ్‌సైటు నుంచి కొత్త బయోస్ (బోర్డును నడిపే మూల ప్రోగ్రాము) వేయించుకోండి. ఇది వాయిదా వేయొద్దు.

చాలా మదర్‌బోర్డు సంస్థలు తమ బోర్డులు పరీక్షల్లో ముందుండాలని కరెంటు హద్దులు తీసేసి అమ్మేవి. బయోస్‌లోకి వెళ్లి ప్రాసెసర్ సంస్థ చెప్పిన హద్దు పెట్టుకోండి. ఏఎండీలో ఎకో మోడ్ అని ఉంటుంది. కాస్త వేగం పోతుంది, చాలా వేడి పోతుంది. కడప ఎండల్లో ఏసీ లేని గదిలో పనిచేసే విద్యార్థికి వెయ్యి రూపాయల ఫ్యాన్ కంటే పైసా ఖర్చు లేని ఈ మార్పే నేను ముందు చెబుతాను. 2024 జూన్‌లో కువైట్‌లో కూడా కరెంటు చాలక గంట, రెండు గంటల కోతలు పెట్టారు. ఏసీ ఆగితే ఆ గదులు ఎంత త్వరగా కాగుతాయో మనవాళ్లు చూశారు.

నాకు ప్రాసెసర్ కంటే పవర్ సప్లై మీద బెంగ ఎక్కువ. ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటుంది. పవర్ సప్లై లోపలి కెపాసిటర్లకు ఆ తెలివి లేదు. పది డిగ్రీలు ఎక్కువ వేడిలో నడిస్తే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని మా వృత్తిలో లెక్క. చవక రకం పవర్ సప్లైలు తమ వాట్లను చల్లటి గదికి లెక్క కట్టి రాస్తాయి. 50 డిగ్రీల దగ్గర అంత శక్తీ ఇస్తుందని రాసి ఉన్నది కొనండి, వందల రూపాయలు ఎక్కువైనా పర్వాలేదు.

మళ్లీ రాజంపేటకు. వాణ్ణి కంప్యూటర్ ఆపించి, ప్లగ్ తీయించి, వీడియో కాల్‌లో పక్క పలక తెరిపించాను. కూలర్ టవర్ ముప్పావు కిలో ఉంటుంది. నాలుగు మూలల పిన్నులతో బోర్డుకు వేలాడుతోంది. కార్గోలో పెట్టె ఎక్కడో పక్కకు పడినట్టుంది. కింది పిన్ను ఒకటి ఊడి, కూలర్ వెంట్రుకవాసి ఎత్తి ఉంది. ఆ వెంట్రుకవాసి సందులో గాలి. అంతే రోగం. మర్నాడు వాడు రాజంపేట వెళ్లి పేస్ట్ కొనుక్కొచ్చాడు. పాతది స్పిరిట్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, బఠాణీ గింజంత పెట్టి, ఎదురెదురు పిన్నులు ఒకదాని తరవాత ఒకటి నొక్కాడు. ఆ రాత్రి గది 36. అదే పని పెట్టాడు. ప్రాసెసర్ 90 దగ్గర నిలిచింది, వేగం 4.4 దగ్గర నిలిచింది. తేడా 54. మహబూలాలో వాళ్ల నాన్న రాసుకున్న అంకె అదే. "పెదనాయనా, సరిగ్గా సరిపోయింది!" అని వాడు అరిచిన అరుపు నాకింకా చెవుల్లో ఉంది.

కువైట్ నుంచి, ఇంకే దేశం నుంచైనా కంప్యూటర్ను కార్గోలో ఇంటికి పంపే అన్నదమ్ములకు నా విన్నపం. పంపే ముందు ఒక రోజు మీ బరువైన పని నడిపి, గది ఎంత, ప్రాసెసర్ ఎంత, వేగం ఎంత, ఈ మూడూ కాగితం మీద రాసి పెట్టెలో వేయండి. టవర్ కూలర్‌ను, గ్రాఫిక్స్ కార్డును విప్పి విడిగా బట్టల్లో చుట్టి పెట్టండి. స్క్రూలు ఒక చిన్న కవర్లో వేసి పేరు రాయండి. కొత్త పేస్ట్ ట్యూబు ఒకటి కూడా పెట్టండి. ఆ పెట్టె తెరిచే మీ పిల్లలు అక్కడ ఒంటరిగా ఉంటారు, మీరు రాసిన ఆ మూడు అంకెలే వాళ్లకు తోడు.